తెలంగాణలో డెంటిస్ట్ ఉద్యోగాలు, జీతాలు: నల్లగొండ, పాలమూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

దేవరకొండలో నాకో చిన్న డెంటల్ క్లినిక్ ఉంది. రెండు కుర్చీలు, ఒక అసిస్టెంట్, ఒక ఇన్వర్టర్. ఏటా నీట్ ఫలితాలు వచ్చినప్పటి నుంచి కౌన్సెలింగ్ ముగిసేదాకా, పంటి నొప్పితో వచ్చేవాళ్లతో సమానంగా ర్యాంకు కార్డు పట్టుకుని వచ్చే తల్లిదండ్రులు ఉంటారు. వాళ్లు అడిగేవి, ఇంటర్న్‌షిప్ అయిపోయిన పిల్లలు ఫోన్ చేసి అడిగేవి ఇక్కడ ఒకచోట రాసి పెడుతున్నాను. ప్రభుత్వ జీతాల అంకెలు నోటిఫికేషన్లలో ఉన్నవి. ప్రైవేటు అంకెలు నేను తీసుకున్నవి, ఇచ్చినవి, ఈ చుట్టుపక్కల తోటి డాక్టర్లు చెప్పుకునేవి.

బీడీఎస్ (పంటి డాక్టర్ డిగ్రీ) పూర్తవగానే నెలకు ఎంత వస్తుంది?

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ లాంటి ఊళ్లలో ఒక సీనియర్ దగ్గర చేరితే 15 నుంచి 20 వేలు. హైదరాబాద్‌లో అయితే 20, 25 వేలు చెప్తారు. అందులో హాస్టల్‌కు, బస్సులకు పోగా మిగిలేది లెక్కేస్తే ఊళ్లో ఉన్నవాడే నయం.

చెప్పే జీతం, చేతికొచ్చే జీతం ఒకటి కాకపోవచ్చని కూడా ముందే తెలుసుకోండి. నా మొదటి ఉద్యోగం నగరంలో చాలా బ్రాంచీలున్న ఒక క్లినిక్‌లో. 18 వేలన్నారు. మొదటి నెల 12 వేలు పడ్డాయి. అడిగితే, నెలకు ఇన్ని క్యాపులు, ఇన్ని ఇంప్లాంట్లు ఒప్పించాలన్న టార్గెట్ నేను అందుకోలేదన్నారు. ఆ టార్గెట్ సంగతి చేరేరోజు ఎవరూ చెప్పలేదు. అందుకే నా దగ్గరికి వచ్చే జూనియర్లకు ఒకటే చెప్తాను: ఫిక్స్‌డ్ ఎంత, ఇన్సెంటివ్ ఎంత, ఆదివారం డ్యూటీ ఉందా, ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతున్నారా, ఇవి కాగితం మీద చూడకుండా చేరొద్దు. ఒరిజినల్స్ మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు.

డాక్టర్ అయ్యుండి అంత తక్కువ జీతమా? ఎందుకు?

దేశంలో 300కు పైగా డెంటల్ కాలేజీలున్నాయి. ఏటా వేల మంది బయటికొస్తారు. వాళ్లలో ఎక్కువమంది ఒకే నగరంలో, అవే నాలుగైదు కాలనీల్లో పని వెతుక్కుంటారు. మనిషి చవగ్గా దొరికితే జీతం ఎవరు పెంచుతారు?

ఇంకో కారణం రోగి దగ్గర ఉంది. జ్వరమొస్తే రెండో రోజు దవాఖానాకు పోతారు. పన్ను పుచ్చితే లవంగం పెట్టుకుంటారు, మెడికల్ షాపులో గోలీ తెచ్చుకుంటారు, చెంప వాచాక వస్తారు. వచ్చాక కూడా "పీకెయ్ సారూ, కథ ఒడుస్తది" అంటారు. పీకితే మాకు 300, 400. అదే పన్నుకు రూట్ కెనాల్ చేసి క్యాప్ పెడితే ఆరేడు వేలు. కానీ నొప్పి లేని పన్నుకు డబ్బు పెట్టే అలవాటు మన దగ్గర ఇప్పుడిప్పుడే వస్తోంది. పంటి వైద్యానికి ఇన్సూరెన్స్ కూడా దాదాపు లేనట్టే, కాబట్టి ప్రతి రూపాయీ రోగి జేబులోంచే రావాలి.

మా పిల్లకు ఎంబీబీఎస్ రాలేదు, బీడీఎస్ వస్తుంది. చేర్చమంటారా?

కన్వీనర్ కోటాలో సీటొస్తే, పిల్లకు చేతిపని ఇష్టమైతే, చేర్చండి. మేనేజ్‌మెంట్ కోటాలో భూమి అమ్మి చేర్చాలంటే వద్దనే చెప్తాను. ఐదేళ్లకు పెట్టిన డబ్బు 18 వేల జీతంతో ఎన్నేళ్లకు తిరిగొస్తుందో గుణించి చూసుకోండి.

చేతిపని అని ఊరికే అనలేదు. ఈ చదువులో మొదటి, రెండో ఏడాదుల్లోనే మైనం చెక్కడం, ప్లాస్టర్ పోయడం, పళ్లసెట్టు అమర్చడం ఉంటాయి. కంసాలి పనికీ దీనికీ పెద్ద తేడా లేదని మా ప్రొఫెసర్ ఒకాయన అనేవారు. ఆ ఓపిక లేనివాళ్లు, "డాక్టర్" అన్న పేరు కోసం చేరినవాళ్లు మూడో ఏడాదికే మొహం వేలాడేస్తారు.

ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుందామా అని కూడా అడుగుతారు. ఒకసారి తీసుకోవచ్చు. మూడోసారి, నాలుగోసారి అంటే ఆ పిల్లల వయసు మీద జాలేస్తుంది.

కోర్సు ఎన్నేళ్లు? మన జిల్లాల్లో కాలేజీలున్నాయా?

ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్లు. సీట్లు నీట్ ర్యాంకు మీద వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో నింపుతారు. నల్లగొండ జిల్లా నార్కట్‌పల్లిలో కామినేని, మహబూబ్‌నగర్‌లో ఎస్వీఎస్ డెంటల్ కాలేజీలున్నాయి. రెండూ ప్రైవేటువే. ప్రభుత్వ డెంటల్ కాలేజీ అంటే రాష్ట్రానికంతా హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ఉన్నదొక్కటే. ఈ పదేళ్లలో మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి అంటూ వరసబెట్టి ప్రభుత్వ మెడికల్ కాలేజీలొచ్చాయి గానీ డెంటల్ మాత్రం కదలలేదు. కంటికి 2018లోనే కంటి వెలుగు వచ్చింది. పంటి వంతు ఎప్పుడో మరి.

ఇంటర్న్‌షిప్‌లో స్టైపెండ్ ఎంత?

ప్రభుత్వ కాలేజీలో 2025 జూన్‌లో 15 శాతం పెంచాక నెలకు 29,792 రూపాయలు. ప్రైవేటు కాలేజీల్లో దానికి దరిదాపుల్లో కూడా ఉండదు. చేరేముందు సీనియర్లను అడిగి తెలుసుకోండి, ఆఫీసులో అడిగితే నిజం తెలియదు.

ప్రభుత్వ ఉద్యోగం వస్తే జీతమెంత? పోస్టులు ఎన్ని పడతాయి?

డెంటల్ అసిస్టెంట్ సర్జన్ స్కేలు 58,850 నుంచి 1,37,050. మూలవేతనమే 58,850తో మొదలవుతుంది, దానిమీద డీఏ, ఇంటి అద్దె అలవెన్సు. ప్రైవేటులో 18 వేలు తీసుకునేవాడికి ఇది నిధి దొరికినట్టే.

చిక్కంతా పోస్టుల సంఖ్యతోనే. మెడికల్ అండ్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు 2025 జూలైలో నోటిఫికేషన్ ఇచ్చింది 48 పోస్టులకు. రాష్ట్రం మొత్తానికి! అలాంటి నోటిఫికేషన్ ఏటా వచ్చేదీ కాదు. ఏళ్ల తరబడి ఎదురుచూసి వయోపరిమితి దాటిపోయిన బ్యాచ్‌మేట్లు నాకున్నారు.

ఎంపిక ఎలాగో చాలామందికి ముందు తెలియదు, అందుకే చెప్తున్నాను. మొత్తం 100 పాయింట్లు. 80 పాయింట్లు బీడీఎస్‌లో అన్ని ఏళ్ల మార్కులను బట్టి. మిగతా 20 పాయింట్లు రాష్ట్ర ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో చేసిన సర్వీసుకు. రాతపరీక్ష లేదు. అంటే మొదటి ఏడాది అనాటమీలో బొటాబొటిగా పాసైన మార్కులు పదేళ్ల తర్వాత మీ ఉద్యోగం దగ్గర అడ్డం తిరుగుతాయి. "పాసైతే చాలు లే" అనుకుని చదివే పిల్లలకు ఈ ఒక్క ముక్క చెప్పండి.

ఇక జోన్లు, అంటే ఉద్యోగాల కోసం రాష్ట్రాన్ని విడగొట్టిన ప్రాంతాలు: నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి జిల్లాలు యాదాద్రి జోన్‌లోకి వస్తాయి. మహబూబ్‌నగర్, నారాయణపేట, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జోగులాంబ జోన్‌లోకి. హైదరాబాద్ ఉన్న చార్మినార్ జోన్‌తో కలిపి ఇవన్నీ మల్టీజోన్ 2. కాబట్టి పోటీ మన పక్క జిల్లావాళ్లతోనే కాదు, హైదరాబాద్, రంగారెడ్డి వాళ్లతో కూడా.

కాంట్రాక్ట్ పోస్టులు చేయొచ్చా? లేక టైమ్ వేస్టా?

చేయొచ్చు. జిల్లా ఆస్పత్రుల దగ్గర పిల్లల్లో లోపాలను ముందే గుర్తించేందుకు నడిపే డైక్ సెంటర్లలో ఒక డెంటల్ డాక్టర్ పోస్టు ఉంటుంది. నేషనల్ హెల్త్ మిషన్ కింద ఇంకొన్ని ఉంటాయి. జీతం రెగ్యులర్ వాళ్లలో సగం కూడా ఉండదు, బడ్జెట్ రాని నెల అదీ ఆలస్యం. కానీ పైన చెప్పిన 20 పాయింట్లు ఇక్కడే పోగవుతాయి. జిల్లా వైద్యాధికారి ఆఫీసు నోటీసు బోర్డు, కలెక్టరేట్ వెబ్‌సైటు వారానికోసారి చూడండి. దరఖాస్తుకు నాలుగైదు రోజులే గడువిస్తారు, తెలిసేసరికి అయిపోతుంది.

పీహెచ్‌సీలో పళ్ల డాక్టర్ ఉంటారా?

ఉండరు. ఏరియా ఆస్పత్రి, జిల్లా ఆస్పత్రి లాంటి పెద్ద ఆస్పత్రుల్లో ఉంటారు.

సొంత క్లినిక్ పెట్టాలంటే ఎంత కావాలి? ఎంత మిగులుతుంది?

అందరూ అసలు అడగాల్సింది ఇదే, ఎందుకంటే మన వైపు డెంటిస్ట్‌కు బతుకుదెరువు జీతం కాదు, క్లినిక్. నేను పెట్టినప్పుడు ఒక కుర్చీ, కంప్రెసర్, ఆటోక్లేవ్, చిన్న ఎక్స్‌రే, లైట్ క్యూర్, పరికరాలు, ఫర్నిచర్, బోర్డు, మూడు నెలల అడ్వాన్సు అంతా కలిపి ఏడు లక్షలు దాటింది. సగం బ్యాంకు లోను, సగం నాన్న పత్తి డబ్బులు, అమ్మ గాజులు. ముద్ర లోన్ల పథకంలో తరుణ్ అనే రకం కింద 10 లక్షల దాకా ఇస్తారు. అది సరిగ్గా కట్టేసినవాళ్లకు 20 లక్షల దాకా ఇచ్చేలా 2024లో పెంచారు. కుర్చీ మాత్రం సెకండ్ హ్యాండ్‌ది కొనకండి. నేను కొని, నెలకోసారి హైదరాబాద్ నుంచి మెకానిక్‌ను రప్పించి, ఆ ఖర్చుతో కొత్తదే వచ్చేదని ఏడాదికి తెలుసుకున్నాను.

మిగిలేదానికి నా పుస్తకంలోంచే ఒక మామూలు నెల చెప్తాను. వసూలు 1,30,000. అద్దె 10,000. అసిస్టెంట్‌కు 10,000. క్యాపులు, పళ్లసెట్లు చేసే ల్యాబు బిల్లు 18,000. మెటీరియల్ 16,000. కరెంటు 4,000. హైదరాబాద్ నుంచి వచ్చే స్పెషలిస్టుల వాటా 15,000. లోను కిస్తీ 12,000. పోగా నాకు మిగిలేది 45,000. ఇది ఆరో ఏడాది లెక్క. మొదటి ఏడాది అద్దె కట్టడానికి ఇంటి నుంచే తెచ్చుకున్నాను, రెండో ఏడాది తెచ్చుకోలేదు, అంతే తేడా.

ఇంకో సంగతి: ఇక్కడ క్లినిక్ క్యాలెండర్ పంటల మీద నడుస్తుంది. జూన్, జూలైలో విత్తనాలకు, ఎరువులకు డబ్బు పోయాక నొప్పి భరిస్తారు గానీ రారు. పత్తి అమ్మాక, డిసెంబర్ నుంచి, నాలుగు నెలలు ఆపుకున్న పళ్లన్నీ వస్తాయి. పాలమూరు వైపు వలస పోయిన కుటుంబాలు దసరాకో సంక్రాంతికో వచ్చినప్పుడు నాలుగు రోజుల్లో మొత్తం పని అయిపోవాలంటారు. మూడు సిట్టింగుల రూట్ కెనాల్‌ను ఒక్క సిట్టింగులో చేయడం నేను కాలేజీలో కాదు, సంక్రాంతి బస్సుల పుణ్యమా అని నేర్చుకున్నాను.

ఏ ఊళ్లో పెడితే బాగుంటుంది?

నల్లగొండ ప్రకాశం బజార్, మహబూబ్‌నగర్ న్యూ టౌన్ లాంటి చోట్ల కొత్త బోర్డుకు జాగా లేదు. నా ఓటు చిన్న పట్టణాలకు: కల్వకుర్తి, అచ్చంపేట, కొల్లాపూర్, ఆత్మకూర్, హాలియా, చండూరు లాంటివి. చుట్టూ పాతిక ముప్పై ఊళ్లు, తండాలు ఉండాలి, సంత జరగాలి, జూనియర్ కాలేజీ ఉండాలి. హైవే మీద చౌటుప్పల్, జడ్చర్ల బాగా కనిపిస్తాయి గానీ అక్కడి జనం గంటా గంటన్నరలో హైదరాబాద్ చేరతారు. డబ్బున్న కేసు బస్సెక్కి పోతుంది, పీకే కేసు మీకు మిగులుతుంది.

లైసెన్సులు ఏమేం కావాలి?

తెలంగాణ డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, జిల్లా వైద్యాధికారి దగ్గర క్లినిక్ రిజిస్ట్రేషన్, కాలుష్య నియంత్రణ మండలి నుంచి బయో మెడికల్ వేస్ట్ అనుమతి, ఎక్స్‌రే ఉంటే అటామిక్ ఎనర్జీ రెగ్యులేటరీ బోర్డు వెబ్‌సైటులో నమోదు. చివరిది చాలామంది వదిలేస్తారు. తనిఖీ వచ్చినరోజు టెన్షన్ పడతారు.

ఆర్‌ఎంపీలకు కమీషన్ ఇవ్వాల్సిందేనా?

అడుగుతారు. కేసుకు ఇంత అని కొందరు నేరుగా మొహమ్మీదే చెప్తారు. నేను ఇవ్వలేదు. ఇవ్వనందుకు మొదటి రెండేళ్లు నష్టపోయాను కూడా. కమీషన్ ఇచ్చేవాడు ఆ డబ్బును రోగి బిల్లులోనే కలుపుతాడు, ఇది దాచేదేం కాదు. దానికి బదులు బడుల్లో పిల్లల పళ్లు చూసే క్యాంపులు పెట్టాను. పిల్లవాడి పన్ను చూపించడానికి తల్లి వస్తుంది, తర్వాత తన పన్ను చూపిస్తుంది, దసరాకు అత్తను తీసుకొస్తుంది. మెల్లగా నడుస్తుంది గానీ ఆగదు.

ఫ్లోరైడ్ ప్రాంతం కదా, డెంటిస్ట్‌కు పని ఎక్కువే ఉంటుందా?

ఉంటుంది, కానీ జనం అనుకున్న తీరులో కాదు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు నుంచి ముప్పై ఏళ్ల మనుషులు గోధుమరంగు చారల పళ్లతో వచ్చి "క్లీనింగ్ చెయ్యి, తెల్లగ కావాలె" అంటారు. ఆ రంగు పైన పట్టిన పాచి కాదు. పన్ను చిగుళ్ల లోపల తయారవుతున్నప్పుడే, అంటే ఎనిమిదేళ్ల లోపు, తాగిన నీళ్లలోని ఫ్లోరైడ్ ఎనామిల్‌లో కలిసిపోయి వచ్చింది. క్లీనింగ్‌తో పోదు. తేలికపాటి మచ్చయితే పైపొర కొద్దిగా రుద్ది, బ్లీచింగ్ చేస్తాం. ముదిరితే కాంపోజిట్ (పన్ను రంగు పదార్థం) పొర, వెనీర్ (పన్ను ముందు అతికించే పలుచటి పెంకు), క్యాప్ దాకా పోవాలి. ఇది ముందే చెప్పకపోతే డబ్బు తీసుకుని మోసం చేశారంటారు.

వచ్చేవాళ్లలో ఎక్కువమంది పెళ్లికి ముందు, లేదా ఇంటర్వ్యూకు ముందు వస్తారు. నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వే అలవాటు వాళ్లలో పళ్లు బాగయ్యాక కూడా కొన్నాళ్లు పోదు. నేను చేసే పనుల్లో నాకు బాగా తృప్తినిచ్చేది ఇదే. డబ్బు కూడా ఇందులో వస్తుంది.

చేతికి మాత్రం కష్టం. జిగురు అంటుకోవడానికి ముందు పూసే యాసిడ్, ఫ్లోరైడ్ పన్ను మీద మామూలు పన్ను మీద పనిచేసినట్టు పనిచేయదు, ఎక్కువసేపు ఉంచాలి. క్లిప్పులు వేస్తే పంటికి అతికించే బ్రాకెట్లు ఊడుతుంటాయి. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక ఆర్థోడాంటిస్ట్ (క్లిప్పుల డాక్టర్) మొదటి నెల తర్వాత "మీ ఊరి పళ్లు నా జిగురుకు అంటవు" అని నవ్వాడు.

ఈ పని ఎప్పటికీ ఉంటుందని మాత్రం లెక్కేసుకోకండి. బోరునీళ్లలో ఫ్లోరైడ్ తీసేందుకు పటిక, సున్నం కలిపే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని మన జిల్లా పేరే పెట్టారు. ఆ తర్వాత కృష్ణా నీళ్లు, చౌటుప్పల్‌లో పైలాన్ వేసిన మిషన్ భగీరథ వచ్చాయి. ఇప్పుడు నా దగ్గరికొచ్చే పదేళ్ల పిల్లల్లో వాళ్ల నాన్నల కన్నా తెల్లటి పళ్లు చూస్తున్నాను. నల్లా నీళ్లు వదిలి ఇంకా బోరునీళ్లే తాగే ఇళ్లలో మాత్రం పాత కథే. ఇంకో ఇరవై ఏళ్లకు ఈ కేసులు తగ్గుతాయి. తగ్గాలి కూడా.

ఎండీఎస్ (బీడీఎస్ తర్వాతి పీజీ) చేస్తే జీతం పెరుగుతుందా?

పెరుగుతుంది, కానీ ఏ సబ్జెక్టు అన్నది ముఖ్యం. నీట్ ఎండీఎస్ రాసి మూడేళ్లు చదవాలి. రూట్ కెనాల్ స్పెషలిస్టు, సర్జన్, క్లిప్పుల డాక్టర్, ఈ ముగ్గురికీ చిన్న ఊళ్లలో కూడా గిరాకీ ఉంది. వారానికో రోజు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ తిరిగి, ఒక్కో క్లినిక్‌లో కేసు మీద సగం వాటా తీసుకునేవాళ్లున్నారు. ఒకే చోట కూర్చున్న డాక్టర్ కన్నా కారులో తిరిగే డాక్టర్‌కే ఎక్కువ వస్తుంది, నడుం నొప్పి కూడా ఆయనకే. ఓరల్ పాథాలజీ, పబ్లిక్ హెల్త్ లాంటివి చేస్తే కాలేజీలో పాఠాలు చెప్పడమే ప్రధాన దారి. అక్కడ ఖాళీలు తక్కువ. ప్రభుత్వ కాలేజీలో సీటొస్తే స్టైపెండ్ మొదటి ఏడాదికి నెలకు 67,032 ఉంది కాబట్టి కళ్లు మూసుకుని చేరొచ్చు.

ఆర్మీలో డెంటిస్టులను తీసుకుంటారా?

తీసుకుంటారు. ఆర్మీ డెంటల్ కోర్‌లో షార్ట్ సర్వీస్ కమిషన్ ఉంది. నీట్ ఎండీఎస్ స్కోరు చూసి ఇంటర్వ్యూకు పిలుస్తారు, కెప్టెన్ హోదాతో చేరతారు. మూలవేతనం 61,300, పైన మిలిటరీ సర్వీస్ పే 15,500, ఇంకా అలవెన్సులు. మన పిల్లలు దీనికి దరఖాస్తే పెట్టరు, ఎందుకో అర్థం కాదు.

గల్ఫ్, అమెరికా సంగతేంటి?

గల్ఫ్‌కు చాలాచోట్ల ఇంటర్న్‌షిప్ తర్వాత రెండేళ్ల అనుభవం, సర్టిఫికెట్ల పరిశీలన, ఆ దేశపు లైసెన్సు పరీక్ష కావాలి. అనుభవం కాగితం దొంగది పెడితే పరిశీలనలో దొరికిపోతారు, మళ్లీ ఆ తలుపు తెరుచుకోదు. బ్రిటన్‌లో ఓఆర్ఈ అని రెండు భాగాల పరీక్ష. అమెరికాలో ముందు ఐఎన్‌బీడీఈ అనే పరీక్ష రాసి, మళ్లీ అక్కడి కాలేజీలో రెండు మూడేళ్లు చదవాలి. ఆ ఫీజు వింటే మన దగ్గర ఎకరాల్లో లెక్కేసుకోవాలి.

అమెరికా పోయిన నా బ్యాచ్‌వాళ్లలో ఎక్కువమంది డెంటిస్టులుగా పోలేదు, పబ్లిక్ హెల్త్ లేదా హెల్త్ ఇన్ఫర్మాటిక్స్‌లో మాస్టర్స్ చేయడానికి పోయారు. బాగానే ఉన్నారు. పన్ను ముట్టుకుని ఏళ్లయింది.

మెడికల్ కోడింగ్‌కు (రోగుల రికార్డులను బిల్లుల కోసం కోడ్‌లుగా మార్చే ఉద్యోగం) పోవచ్చా?

పోతున్నారు. హైదరాబాద్‌లో మొదట్లో డెంటల్ జీతమంతే ఉంటుంది, మూడేళ్లకు దాన్ని దాటుతుంది. ఏసీ గది, నెల తిరగ్గానే జీతం. తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు. అయితే ఒక ఏడాది చేయి ఆగితే డ్రిల్లు పట్టడానికి భయమేస్తుందని వెనక్కి వచ్చినవాళ్లు చెప్పారు.

నేషనల్ డెంటల్ కమిషన్‌తో ఏం మారుతుంది?

1948 నాటి డెంటిస్ట్స్ చట్టం స్థానంలో 2023లో ఈ కమిషన్ పెట్టేలా కొత్త చట్టం చేశారు. బీడీఎస్ ఆఖర్లో దేశమంతటికీ ఒకే ఎగ్జిట్ పరీక్ష పెట్టాలని అందులో ఉంది. లైసెన్సుకూ, ఎండీఎస్ సీటుకూ అదే ఆధారమవుతుంది. ఇప్పుడు చేరే పిల్లలు ఆ పరీక్ష ఉంటుందనుకునే చదవాలి.

ఆడపిల్లకు ఈ వృత్తి అనువైనదేనా?

అనువైనదే. నైట్ డ్యూటీ లేదు, ఎమర్జెన్సీలు తక్కువ. కానీ "పెళ్లయ్యాక ఎక్కడుంటుందో, క్లినిక్ ఎందుకు" అని మూడేళ్లు ఇంట్లో కూర్చోబెడితే చదివిన చదువు తుప్పు పడుతుంది. మా బ్యాచ్‌లో మార్కుల్లో నాకన్నా ముందున్న ఇద్దరు అమ్మాయిలు ఇప్పుడు ప్రాక్టీసులో లేరు.

మా అబ్బాయి రాయచూర్‌లో బీడీఎస్ చదివాడు. ఇక్కడ ప్రాక్టీసు చేయొచ్చా? లోకల్ అవుతాడా?

గద్వాల, నారాయణపేట, మక్తల్ వాళ్లు ఇది తప్పకుండా అడుగుతారు, వాళ్లకు నార్కట్‌పల్లి కన్నా రాయచూరే దగ్గర. ప్రాక్టీసు చేయొచ్చు. కర్ణాటక కౌన్సిల్‌లో రిజిస్టరై ఉంటే అక్కడి నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని తెలంగాణ కౌన్సిల్‌కు మార్పించుకోవాలి. ఇక లోకల్ సంగతి: ప్రభుత్వ ఉద్యోగాల్లో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం చూసేది ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివాడన్నది, అందులో కనీసం నాలుగేళ్లు ఇక్కడ చదివి ఉండాలి. బీడీఎస్ ఎక్కడ చేశాడన్నది దానికి అడ్డం రాదు. బోనఫైడ్ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. ఊళ్లోని చిన్న ప్రైవేటు బడి మూతపడితే, నోటిఫికేషన్ వచ్చిన వారంలో ఎంఈవో ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది.